పోయేటప్పుడు మూడు గంటలు, వచ్చేటప్పుడు రెండుంబావు

బస్సు డిపోలో టైమ్ కీపరుగా పనిచేసి రిటైరైన ఆవిడను అక్కడివాళ్ళంతా గడియారమ్మ అనేవారు. ఉద్యోగం వదిలినా ఆ పేరు మాత్రం ఆవిడతో పాటే ఇంటికి వచ్చేసింది. కొడుకు ఎదురుగా అనడు గానీ, భార్యకు ఫోన్ చేసినప్పుడు "గడియారమ్మ ఏం చేస్తోంది?" అని అడుగుతాడు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ పేరంటే ఆవిడకు లోలోపల గర్వం.

మొదట్లో చాలా ఏళ్ళు కండక్టరుగా బస్సుల్లో నిలబడి తిరిగింది. తర్వాత డిపో గేటు పక్కన అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు చేరిందో చూసుకునేది. ఆవిడ లెక్కలో దారి ఒకటే, బండి ఒకటే అయితే పోయినా వచ్చినా పట్టే సమయం ఒకటే. తేడా వచ్చిందంటే కారణం ఉండి తీరాలి. టైరు పంక్చరో, రైలు గేటు పడడమో, డ్రైవరు టీ కోసం ఆగడమో. ఆ కారణమేదో తెలిసేదాకా ఆవిడకు ముద్ద దిగదు.

కొడుకు లిఫ్టు మెకానిక్. ఈ మధ్యే కంపెనీ వాళ్ళు పడమటి వైపున్న ఇంకో పెద్ద ఊళ్ళోని ఎత్తైన భవనాల పని కూడా అతనికే అప్పజెప్పారు. నెలకోసారి విమానంలో వెళ్ళి, నాలుగు రోజులుండి వస్తాడు. ఒక సాయంత్రం అతను బట్టలు సర్దుకుంటుంటే, మంచం మీదున్న టికెట్టు కాగితం తీసి గడియారమ్మ చదివింది. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. అత్తగారి కొత్త కళ్ళజోడు ఆమె చేతి మీదుగా తయారైందే. దాంతో ఆవిడకు చీమ తల కూడా కనిపిస్తుంది.

"ఒరేయ్, ఇదేంట్రా? పోయేటప్పుడు మూడు గంటలు వేశారు, వచ్చేటప్పుడు రెండుంబావు వేశారు. తప్పు పడింది చూడు."

"తప్పు కాదమ్మా. అంతే పడుతుంది."

"రెండూళ్ళ మధ్య దూరం ఎంత?"

"రెండు వేల కిలోమీటర్లుంటుంది."

"వచ్చేటప్పుడో?"

కొడుకు చొక్కా మడత పెడుతున్న చెయ్యి ఆపి తల్లి మొహంలోకి చూశాడు. "వచ్చేటప్పుడూ అంతేనమ్మా. ఊళ్ళేమైనా జరుగుతాయా?"

"గడియారాలు తేడానా?"

"రెండు చోట్లా ఒకటే టైము."

"మరి ముప్పావు గంట ఎక్కడికి పోయింది?"

"ఎదురుగాలి. పోయేటప్పుడు గాలి ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది."

గడియారమ్మ లేచి కిటికీ రెక్క తీసి చెయ్యి బయటపెట్టింది. కింద వీధిలో చెట్టు ఆకు కదలడం లేదు. ఎదురింటి వాళ్ళు ఆరేసిన దుప్పటి గోడకు తగిలించిన బొమ్మలా ఉంది. చెయ్యి లోపలికి తీసుకుని కొడుకు వైపు తిరిగింది.

"నాకు గాలి కబుర్లు చెప్పకు," అంది.

కొడుకు నవ్వి ఊరుకున్నాడు. తెల్లారి ప్రయాణమై వెళ్ళిపోయాడు. ఆ ముప్పావు గంట మాత్రం ఇంట్లోనే ఉండిపోయి, గడియారమ్మ చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది.

మరునాడు కోడలు కూరగాయలు తరుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది. "అమ్మాయ్, ఆ ఊరు మనకంటే ఎత్తు మీదుందా? ఎక్కడం కాబట్టి ఆలస్యం, దిగడం కాబట్టి తొందర?"

కోడలు ఫోన్‌లో వెతికి చూసింది. "లేదత్తయ్యా. మన ఊరే కాస్త ఎత్తు."

"అయితే పోయేటప్పుడు కొత్త డ్రైవర్లని పంపిస్తున్నారు."

"పైలట్లు అత్తయ్యా."

"ఎవరైతేనేం, తోలేవాడు తోలేవాడే."

ఆ సాయంత్రానికి ఆ ఊహ పాతబడింది. "భూమి తిరుగుతోంది కదా. మనం ఇటు తిరుగుతుంటే వాడు అటు పోతున్నాడు," అంది. రాత్రి భోజనం ముగిసేలోపు దాన్నీ తనే కొట్టేసింది. "అలాగైతే మన డిపోలో పడమటి బస్సులూ తూర్పు బస్సులూ కూడా అలాగే తేడా రావాలి కదా. ఏనాడూ రాలేదు."

కోడలికి మొదట్లో నవ్వొచ్చింది. కానీ నాలుగు రోజులు ఇదే ధ్యాసలో ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటే ఎవరికైనా అంటుకుంటుంది. దుకాణంలో అద్దాలు తుడుస్తూ, ఫ్రేముల మరలు బిగిస్తూ ఆమె కూడా అదే ఆలోచించసాగింది. గాలి అని ఎవరైనా అనేస్తారు. కానీ అంత పెద్ద విమానాన్ని ముప్పావు గంట వెనక్కి లాగే గాలి ఉంటే, అది కింద మనకెందుకు తగలదు?

ఆ ప్రశ్నను ఆమె అడగదగ్గ మనిషి ఒకాయన దుకాణానికే వచ్చాడు. ఊరి చివర వాతావరణ కేంద్రంలో పని చేసే అధికారి. మెడ ఎప్పుడూ పైకెత్తి చూసే అలవాటు వల్ల ఆయన కళ్ళజోడు ముక్కు మీద నిలవదు. నెల తిరక్కుండా కాడలు బిగించుకోవడానికి వస్తాడు. దుకాణంలో అందరూ వాతావరణం సార్ అంటారు. కోడలు కాడలు బిగించి ఇస్తూ అత్తగారి సందేహం చెప్పింది. ఎత్తు సంగతీ, కొత్త డ్రైవర్ల సంగతీ కూడా దాచలేదు.

ఆయన పగలబడి నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"కింద ఆకు కదలట్లేదు, మరి పైన గాలెక్కడిదని అడిగారా? మంచి ప్రశ్న. ఆదివారం పొద్దున్న మేం బెలూన్ వదులుతాం. ఆవిణ్ణి తీసుకురండి. చెప్తే నమ్మేలా లేరు, చూపిద్దాం," అన్నాడు.

గడియారమ్మ ఆదివారం చెప్పిన టైముకంటే ముందే గేటు దగ్గర ఉంది. వాతావరణ కేంద్రం అంటే ఏవో పెద్ద యంత్రాలుంటాయనుకుంది. తీరా చూస్తే గడ్డి నేల, ఒక చిన్న కట్టడం, రేకుల షెడ్డు. షెడ్డులోంచి సార్ తెల్లటి బెలూన్‌ను రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. అది ఆయనకంటే పొడుగ్గా ఉంది. దానికి దారంతో చిన్న తెల్ల డబ్బా కట్టి ఉంది.

"ఇది పైకి పోతూ గాలి ఎటు వీస్తోంది, ఎంత జోరుగా వీస్తోంది అని కబురు పంపిస్తుందమ్మా. ఇప్పుడు చెప్పండి. వదిలితే ఎటు పోతుంది?"

గడియారమ్మ వేలు తడిచేసి గాలిలో పెట్టింది. సన్నటి గాలి మొహానికి తగులుతోంది. "అటు. ఆ పొగ గొట్టాల వైపు," అని పడమర చూపించింది.

"సరే," అని ఆయన వదిలేశాడు.

బెలూన్ ఆవిడ చెప్పినట్టే పడమటికి, పొగ గొట్టాల వైపు వంగి వెళ్ళింది. గడియారమ్మ కోడలి వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించింది. బెలూన్ గుమ్మడికాయంతై, నిమ్మకాయంతైంది. అప్పుడు ఆగినట్టనిపించింది. కాసేపు ఎటూ పోకుండా నిలబడి పైకే పోయింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, వెనక్కొస్తోంది!"

వెనక్కే వచ్చింది. వాళ్ళ నెత్తి మీదుగా దాటి, తూర్పుకు మళ్ళి, ఎవరో తరుముతున్నట్టు పోసాగింది. కింద గాలి ఇంకా పడమటికే వీస్తోంది, గడ్డిపోచలు అటే వంగి ఉన్నాయి. గడియారమ్మ ఒకసారి గడ్డినీ ఒకసారి ఆకాశాన్నీ చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ చుక్క కనిపించకుండా పోయాక కూడా మెడ దించలేదు.

లోపల కంప్యూటర్ మీద డబ్బా పంపే అంకెలు వస్తున్నాయి. పైకి పోయేకొద్దీ గాలి జోరు పెరుగుతోంది. "విమానాలు తిరిగేది ఇదిగో, ఈ ఎత్తులో. ఇక్కడ నదిలాంటిది పారుతుందమ్మా. నీళ్ళ బదులు గాలి. ఎప్పుడూ దాదాపు తూర్పుకే. మీ అబ్బాయి పోయేటప్పుడు ఏటికి ఎదురీదుతున్నట్టు. వచ్చేటప్పుడు వాలుకి పడి వస్తాడు."

"అయితే నేల మీద దూరం ఒకటే. నీళ్ళే కదులుతున్నాయి," అంది గడియారమ్మ నెమ్మదిగా.

"అంతే. పైగా ఆ నది ఇవాళ ఉన్నచోట రేపుండదు. ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంది. అందుకే విమానాల దారి కూడా రోజూ ఒకటి కాదు."

"దారే ఒకటి కాదా!" అంది ఆవిడ. ముప్పై ఏళ్ళు ఒకే దారిలో బస్సులు నడిపించిన మనిషికి ఆ మాట మింగుడు పడడానికి టైము పట్టింది.

ఆ రోజు నుంచి ఆవిడకు కొత్త పని పడింది. విమానాలు ఎక్కడున్నాయో పటం మీద చూపించే సదుపాయం ఫోన్‌లో ఉంటుందని కోడలు చూపించింది. కొడుకు మళ్ళీ వెళ్ళి తిరిగొచ్చే రోజు గడియారమ్మ సోఫాలో కూర్చుని, పసుపు రంగు చిన్న విమానం బొమ్మ కొండలు దాటడం, ఏరు దాటడం చూస్తూ గడిపింది. అది తిన్నగా రాలేదు. ఉత్తరానికి వంగి, గాలిని వెతుక్కున్నట్టు వెళ్ళి, అప్పుడు దిగింది.

"దిగాడు! రెండుంబావుకంటే ముందే!"

విమానాశ్రయం నుంచి ఇంటికి రైల్లో అరగంట. అరగంట గడిచింది. గంటైంది. కొడుకు వచ్చేసరికి గంటన్నర దాటింది.

"రైలు ఆలస్యమా?" అని అడిగింది తల్లి.

"లేదే," అని అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

మరుసటి నెలా అంతే. విమానం టైముకే దిగింది, మనిషి టైముకి రాలేదు. కొడుకు ఇంకా గుమ్మంలోకి రాకముందే గడియారమ్మ కోడలితో అనేసింది. "మా డిపోలో ఒక డ్రైవరుండేవాడు. పోయేటప్పుడు టంచనుగా పోయేవాడు. వచ్చేటప్పుడే రోజూ ఆలస్యం. తీరా కనుక్కుంటే దారిలో ఇంకో సంసారం…" అని, కోడలి మొహం చూసి నాలుక కరుచుకుంది. "ఛ, మనవాడు అలాంటివాడు కాదనుకో."

కోడలు అనుమానం అనే మాట మనసులోకి రానివ్వలేదు గానీ ఆ గంట ఏమైందో తెలుసుకోకుండా ఉండలేకపోయింది. తర్వాతి నెల అతను వచ్చే రోజు దుకాణంలో పెందలాడే సెలవడిగి విమానాశ్రయానికి వెళ్ళింది.

బయటికొచ్చే వాకిలి దగ్గర జనం పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. విమానం దిగిందని బోర్డు మీద వచ్చి చాలాసేపైంది. ఒక్కొక్కరే వస్తున్నారు, పెట్టెలు లాక్కుంటూ, ఫోన్లలో మాట్లాడుతూ. అతను లేడు. ఆమె ఆ పెద్ద హాలంతా తిరిగింది. చిట్టచివర, మంచినీళ్ళ కుళాయి పక్కన ఉన్న ఇనప కుర్చీల్లో కనిపించాడు. పనిముట్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒంటరిగానే ఉన్నాడు.

ఆమె వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది. అతను కళ్ళు తెరిచి ఉలిక్కిపడ్డాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"ఒంట్లో బాలేదా? డాక్టరు దగ్గరికి పోదామా?"

"అదేం లేదు." నేలకేసి చూస్తూ చెప్పాడు. "దిగాక కాళ్ళు నా మాట వినవు. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. అప్పుడు వస్తాను."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఈ మనిషి ఇరవై అంతస్తుల చీకటి కింద పెట్టుకుని లిఫ్టు పైకప్పు మీద నిలబడి నట్లు బిగించే మనిషి.

"విమానమంటే భయమా?"

"అక్కడ ప్రతి బోల్టూ నాకు తెలుసు. ఏ శబ్దం ఎందుకొస్తుందో చెప్పగలను. విమానంలో ఒక్కటీ తెలీదు. టంగుమని ఏదో మోగుతుంది. కింద ఏదో గరగరమంటుంది. ఎవర్నీ అడగలేను. లిఫ్టు మెకానిక్కే భయపడుతున్నాడంటే నవ్వరూ?"

ఆమెకు నవ్వు రాలేదు. కుళాయి దగ్గర సీసా నింపి తెచ్చి ఇచ్చింది. అతను తాగి, "అమ్మకి చెప్పకు," అన్నాడు.

"నేను చెప్పను. కానీ మీరు ప్రతిసారీ గంట ఆలస్యమెందుకవుతున్నారో కనిపెట్టడానికి ఆవిడ రేపో మాపో ఇక్కడికే వచ్చేస్తారు."

ఆ మాటతో అతనికి నవ్వొచ్చింది. అప్పుడే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. "ఈసారి అత్తయ్యని తీసుకెళ్ళండి. ఇన్నాళ్ళ నుంచీ పటం మీద చూస్తున్నారు, ఒక్కసారి ఎక్కి చూస్తారు. ఆవిడ పక్కనుంటే మీకు భయపడడానికి తీరిక దొరకదు."

గడియారమ్మను బతిమాలాల్సిన అవసరం రాలేదు. వినగానే, "కిటికీ పక్క సీటేనా?" అని మాత్రం అడిగింది.

విమానం కదలకముందే ఆవిడ పని మొదలైంది. టంగుమని మోగింది. కొడుకు చేతులు సీటు హ్యాండిళ్ళ మీద బిగిశాయి. గడియారమ్మ ఆ దారిలో పోతున్న ఎయిర్ హోస్టెస్‌ను పిలిచింది.

"అమ్మాయ్, ఆ గంట ఏంటమ్మా?"

"మేం ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోడానికండీ. ఫోన్ లాంటిది."

"ఓస్, అంతేనా. మేం బస్సులో విజిల్ వేసేవాళ్ళం," అంది ఆవిడ.

పైకి లేచాక కింద గరగరమని చప్పుడైంది. కొడుకు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గడియారమ్మ ఊరుకోలేదు. ఎయిర్ హోస్టెస్ నీళ్ళు తెచ్చినప్పుడు అదీ అడిగింది. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయని ఆ అమ్మాయి చెప్పింది. ఇంజను హోరు ఒక్కసారిగా తగ్గిందేమని అడిగితే, ఎక్కడం అయ్యేకొద్దీ తగ్గిస్తారని చెప్పింది. తల్లి అడుగుతున్న ఒక్కో ప్రశ్నా తను ఆరు నెలలుగా నోట్లోనే పెట్టుకున్నదేనని కొడుక్కి తెలుస్తోంది. సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది.

సగం దారిలో కుదుపు మొదలైంది. గ్లాసులో నీళ్ళు ఒలికాయి. కొడుకు చెయ్యి సీటు హ్యాండిల్ వదిలి తల్లి మణికట్టు పట్టుకుంది. గడియారమ్మ ఆ చేతి వంక చూసింది, అతని మొహం వంక చూసింది. ఇన్ని నెలల నుంచీ వెతుకుతున్న గంట ఎక్కడుందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"గతుకుల రోడ్డు వచ్చింది," అని మాత్రం అంది. "కొత్త కండక్టర్లందరూ ఇదే తప్పు చేసేవారు. రాడ్డుని గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయేవారు. కుదుపంతా ఒంట్లోకి దిగేది. మోకాళ్ళు వదులుగా పెట్టి, బండి ఎటు ఊగితే అటు ఊగాలి. భుజాలు దించు."

అతను భుజాలు దించాడు. కాసేపటికి అడిగాడు. "గాలి నది అంటున్నావు కదా. మరి ఈ కుదుపెందుకు?"

"ఒడ్డు దగ్గర సుళ్ళుంటాయేమో. సార్‌ని అడగాలి," అంది ఆవిడ ఉత్సాహంగా. తనకు తెలియని సంగతి ఇంకోటి దొరికిందన్న సంతోషం మొహంలో దాగలేదు. ఆ తర్వాత ఇద్దరూ రెక్కల చివర్లు ఎందుకు వంచారో, మేఘాలు కింద అంత చదునుగా ఎందుకున్నాయో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. కుదుపు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు.

అప్పుడు పైలట్ గొంతు వినిపించింది. ఇవాళ ఎదురుగాలి పెద్దగా లేదట, అనుకున్నదానికంటే చాలా ముందే దిగుతున్నామట.

గడియారమ్మ నిటారుగా కూర్చుంది. "అదేంటి? పోయేటప్పుడు ముందే ఎలా దిగుతారు? నేను మూడు గంటలని చెప్పి వచ్చానే!"

దిగీ దిగగానే వాతావరణం సార్‌కు ఫోన్ చేసింది. రెండు రోజులుగా ఆ నది బాగా ఉత్తరానికి జరిగిపోయిందని, మీ విమానం దక్షిణపు ఒడ్డు వెంట వెళ్ళిందని ఆయన చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఆవిడ, "నా లెక్కంతా గాలికి పోయింది," అని గట్టిగా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో దిగాక కొడుకు అలవాటు ప్రకారం హాలు చివరనున్న కుర్చీల వైపు నడిచి, మధ్యలో ఆగిపోయాడు.

"నడు, కూర్చుందాం. నాకూ కాళ్ళు లాగుతున్నాయి," అంది తల్లి.

కూర్చున్నాక అతను చెప్పాల్సింది చెప్పాడు. ఆవిడ మధ్యలో మాట్లాడకుండా విన్నది. అంతా విని, "మీ ఆవిడకి తెలుసా?" అంది.

"తెలుసు."

"నాకు తెలీకుండా దాచిందా!" అని కాసేపు కోపం నటించి, "మంచిపిల్ల," అంది.

ఆ తర్వాత అతను మళ్ళీ ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. భయం పూర్తిగా పోయిందని చెప్పడానికి లేదు. దిగాక ఇప్పటికీ కాసేపు ఆ కుర్చీలో కూర్చుంటాడు. కాకపోతే కూర్చున్నానని ఇంటికి ఫోన్ చేసి చెప్తాడు. విమానం ఎక్కేముందు మాత్రం తప్పకుండా తల్లికి ఫోన్ చేస్తాడు.

"అమ్మా, ఇవాళ పైన ఎలా ఉంది?"

పొద్దున్నే సార్‌ని అడిగి పెట్టుకుంటుంది కాబట్టి ఆవిడ తడుముకోదు. "బాగా జోరుగా ఉందట. మూడు గంటలు దాటుతుంది. సగం దారి అయ్యాక కుదుపు ఉండొచ్చు. భుజాలు బిగించకు."

"సరే," అని అతను ఎక్కేస్తాడు.

మొన్న అలాగే చెప్పి పంపింది. చేరాక ఫోన్ వచ్చింది. కోడలు స్పీకర్ నొక్కింది.

"చేరానమ్మా. కుదిపింది గానీ నువ్వు చెప్పిన చోట కాదు. ఇంకా చాలా ముందే."

"ముందా?" గడియారమ్మ సోఫాలోంచి లేచి నిలబడింది. "ఎంత ముందు? కొండలు దాటకముందా, దాటాకా?"

"దాటకముందే అనుకుంటా. కిందికి చూశాను."

"కిందికి చూశావా!" అంది కోడలు.

అతను ఏదో జవాబు చెప్పబోయాడు గానీ, గడియారమ్మ అప్పటికే ఫోన్ లాక్కుంది. "నువ్వు పెట్టెయ్ నాన్నా, సార్ ఇంటికి వెళ్ళిపోతారు. ఆయన్ని పట్టుకుని అడగాలి," అని లైన్ కట్ చేసింది.